ముందు టైంటేబుల్, ఆ తర్వాతే బండి: రైళ్లు ఎంపిక చేసే కమిటీలకు బహిరంగ లేఖ

ప్రాంతీయ ప్యాసింజర్ రైళ్లను ఎంపిక చేసే కమిటీల సభ్యులందరికీ నమస్కారం.

కొత్త బండ్లు కొంటున్నామని ఏ సంస్థ ప్రకటించినా ఆ ప్రకటనతోపాటు ఒక బొమ్మ వస్తుంది. బండి ముక్కు కోసుగా ఉంటుంది. ఒంటి మీద రెండు రంగుల పట్టీలు, కింద పెద్ద అక్షరాల్లో గంటకు 160 కిలోమీటర్లు. అప్పటికే పేరు కూడా పెట్టేసి ఉంటారు. ఆ బండి ఏ స్టేషన్‌లో ఎంతసేపు ఆగుతుంది, ఎన్ని నిమిషాలకొకటి వస్తుంది, రాత్రిళ్లు ఎక్కడ ఉంటుంది అన్న సంగతులు మాత్రం ఎంత వెతికినా కనిపించవు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత రైళ్ల కొనుగోళ్లు చూసే పుట్టిందేమో అని నాకు చాలాసార్లు అనిపించింది.

నేను చాలా ఏళ్లు టైంటేబుల్ గీసే పని చేశాను. మేం రాయడం అనం, గీయడమే అంటాం. పెద్ద కాగితం మీద అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు ఉంటాయి. ఒక్కో బండి ఒక్కో ఏటవాలు గీత. బండి ఎంత వేగంగా పోతే గీత అంత నిటారుగా లేస్తుంది, ఆగిన చోట కాసేపు పడుకుంటుంది. ఎక్స్‌ప్రెస్ గీత నిచ్చెన వాలేసినట్టు ఒకే ఏటవాలుగా ఉంటుంది. ప్యాసింజర్ గీత మాత్రం మెట్లు మెట్లుగా సాగుతుంది. ఈ లేఖలో నేను చెప్పేదంతా ఆ మెట్ల గురించే. మీరు కొనబోయే బండి మంచిదో కాదో తేలేది అక్కడే గనక.

చిన్న లెక్కతో మొదలుపెడతాను, ఓపిగ్గా చదవండి. రెండు స్టేషన్ల మధ్య 3 కిలోమీటర్ల దూరం ఉందనుకుందాం. బండి వేగం సెకను గడిచేకొద్దీ సెకనుకు అర మీటరు చొప్పున పెరుగుతుంది, బ్రేకు వేస్తే అలాగే 0.8 మీటర్ల చొప్పున తగ్గుతుంది. అది గంటకు 160 కిలోమీటర్లు అందుకుని మళ్లీ ఆగాలంటే సుమారు 3.2 కిలోమీటర్లు కావాలి. అంటే ఆ రెండు స్టేషన్ల మధ్య అది 160 చేరుకోనే చేరుకోదు. మీరు డబ్బు పోసి కొన్న ఆ అంకె బొమ్మ మీదే ఉండిపోతుంది. అదే బండిని 120 దగ్గర ఆపేస్తే ఈ 3 కిలోమీటర్లకు 144 సెకన్లు పడుతుంది. గరిష్ఠ వేగం 120 గానే ఉంచి, వేగం పుంజుకోవడం మాత్రం అర మీటరు నుంచి ఒక మీటరుకు పెంచండి. 144 కాస్తా 127 అవుతుంది. ఒక్క ఆగింపుకు 17 సెకన్లు మిగిలాయి. ఇరవై చోట్ల ఆగే బండికి ఇది ఐదున్నర నిమిషాల పైమాటే.

ఇది కాగితం లెక్క అనుకునేవారికి కాలిఫోర్నియా ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో, శాన్‌హోసే నగరాల మధ్య కాల్‌ట్రెయిన్ సంస్థ దశాబ్దాల తరబడి డీజిల్ ఇంజన్లతో ప్యాసింజర్ బండ్లు నడిపింది. 2024 సెప్టెంబర్‌లో పూర్తిగా కరెంటు రేకులకు మారింది. రేకు అంటే ఒకటిగా కలిసి నడిచే పెట్టెల వరస. గరిష్ఠ వేగం ముందూ 79 మైళ్లే, తర్వాతా 79 మైళ్లే, మన లెక్కలో 127 కిలోమీటర్లు. ఒక్క మైలు కూడా పెరగలేదు. అయినా అన్ని స్టేషన్లలో ఆగే బండి ప్రయాణం 20 నిమిషాలకు పైగా తగ్గింది. ఆ నిమిషాలన్నీ మెట్ల దగ్గర మిగిలినవే.

దీని వెనక కిటుకు పెద్దదేం కాదు. ఇంజన్ ఒక్కటే లాగితే పట్టాల మీద పట్టు దొరికేది దాని నాలుగు ఇరుసుల కిందో ఆరు ఇరుసుల కిందో మాత్రమే. వెనక ఉన్న పెట్టెలన్నీ దానికి బరువే. మెమూ తరహా రేకులో, అంటే విడి ఇంజన్ లేని కరెంటు బండిలో, మోటార్లు చాలా ఇరుసులకు పంచి ఉంటాయి. సగం ఇరుసులు తిప్పగలిగితే బండి సగం బరువు పట్టుకు పనికొస్తుంది. అందుకే తక్కువ దూరాల్లో పదే పదే ఆగే బండికి విడి ఇంజన్ కట్టడం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. టెండర్‌లో మీరు అడగాల్సిన మొదటి అంకె గరిష్ఠ వేగం కాదు. నిండా జనంతో, తడిసిన పట్టాల మీద, మీ లైన్లోకెల్లా ఎక్కువ ఎత్తు ఎక్కే చోట సున్నా నుంచి 80కి ఎన్ని సెకన్లు పడుతుందో అడగండి.

ఇక తలుపులు. నా ఉద్దేశంలో బండి మొత్తంలో అన్నిటికంటే ఖరీదైన భాగం తలుపే. తయారీ ఖర్చు గురించి కాదు నేనంటున్నది, అది తినేసే సమయం గురించి.

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో స్టాప్‌వాచ్ పట్టుకుని ప్లాట్‌ఫాంల మీద నిలబడడం నాకు అలవాటు. మెట్లున్న ఇరుకు తలుపులోంచి ఒక్కొక్కరు ఎక్కడానికో దిగడానికో మూడు సెకన్లు సులువుగా పడుతుంది. సంచులుంటే ఇంకా ఎక్కువ. తలుపు వెడల్పుగా ఉండి గడప ప్లాట్‌ఫాంకు సమంగా ఉంటే ఇద్దరు పక్కపక్కనే నడిచిపోతారు, ఒక్కొక్కరికి ఒకటిన్నర సెకను చాలు. మూడు పెట్టెల బండికి ఆరు తలుపులు, స్టేషన్‌లో ఎక్కి దిగేవారు 90 మంది అనుకోండి. తలుపుకు 15 మంది. ఇరుకు తలుపుకు 45 సెకన్లు, వెడల్పు తలుపుకు 11 సెకన్లు. తలుపులు తెరవడానికి, మూయడానికి, సిగ్నల్ ఇవ్వడానికి పైన మరో 15 సెకన్లు వేసుకోండి. ఒకటి నిమిషం ఆగే బండి, రెండోది అరనిమిషం లోపే కదిలే బండి. ఇరవై స్టేషన్లకు తేడా 11 నిమిషాలు. మోటార్లు మిగిల్చిన దానికి ఇది రెట్టింపు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. జనం తలుపుకు 15 మంది చొప్పున లెక్కగా నిలబడరు. స్టేషన్ మెట్లు ఎక్కడ దిగుతాయో, నీడ ఎక్కడ ఉంటుందో అక్కడే గుమిగూడతారు. బండి ఎంతసేపు ఆగాలో తేల్చేది ఆ రద్దీ తలుపొక్కటే. మిగతా ఐదు తలుపులు అప్పటికి ఖాళీగా చూస్తూ ఉంటాయి. అందుకే తలుపులు పెట్టె రెండు చివర్లలో ఉండడం కంటే కాస్త మధ్యకు జరిగి ఉండడం మేలు. లోపల తలుపు పక్కన కాస్త ఖాళీ జాగా ఉండడం, లోపలికి నడిచే దారి ఇరుకు కాకపోవడం కూడా అంతే ముఖ్యం. రెండంతస్తుల బండి సీట్లు ఎక్కువ ఇస్తుందని చాలామంది మోజుపడతారు. కానీ పైనుంచి దిగేవాళ్లు, కిందనుంచి వచ్చేవాళ్లు అదే తలుపు దగ్గర కలుస్తారు. దూరం దూరంగా ఆగే సర్వీసుకు అది బాగుంటుంది. రెండు కిలోమీటర్లకొకసారి ఆగే సర్వీసుకు పెడితే నా గీత మీద మెట్లు వెడల్పవుతూ పోతాయి.

గడప సమంగా ఉండాలన్నాను కదా, ఆ ఒక్క మాట దగ్గరే చాలా కొనుగోళ్లు బోల్తా పడ్డాయి. యూరప్‌లో ప్లాట్‌ఫాంలకు 550 మిల్లీమీటర్లు, 760 మిల్లీమీటర్లు అని రెండు ప్రామాణిక ఎత్తులున్నాయి. అమెరికాలో 8 అంగుళాలవీ ఉన్నాయి, 48 అంగుళాలవీ ఉన్నాయి. ఒకే లైన్లో ఒక స్టేషన్ ఒక ఎత్తు, పక్క స్టేషన్ మరో ఎత్తు ఉండడం ఎక్కడైనా మామూలే. పట్టాల కింద కంకర కొత్తగా పోసి ఎత్తు చేసిన ప్రతిసారీ ప్లాట్‌ఫాం ఆ మేరకు కుంగినట్టే లెక్క. వంపులో ఉన్న స్టేషన్‌లో బండికీ అంచుకూ మధ్య సందు ఎలాగూ పెరుగుతుంది. ఇవన్నీ డ్రాయింగుల్లో ఉండవు, టేపు పట్టుకుని వెళ్తేనే దొరుకుతాయి.

టేపు పట్టకపోతే ఏమవుతుందో ఫ్రాన్స్ చూపించింది. అక్కడ ప్రాంతీయ సర్వీసుల కోసం పెద్ద సంఖ్యలో కొత్త రేకులకు ఆర్డర్ ఇచ్చారు. రైల్వే లైన్ల సంస్థ ఇచ్చిన కొలతలు కొత్త స్టేషన్లవి. పాత స్టేషన్లలో ప్లాట్‌ఫాంలు పట్టాలకు ఇంకా దగ్గరగా ఉన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు. 2014లో విషయం బయటపడేసరికి సుమారు 1,300 ప్లాట్‌ఫాంల అంచులు చెక్కాల్సి వచ్చింది. ఖర్చు 5 కోట్ల యూరోలు అన్నారు. చెప్పు కరుస్తోందని కాలు చెక్కుకోవడమంటే ఇదే.

స్పెయిన్ కథ మరీ విచిత్రం. ఉత్తరాన కాంటాబ్రియా, అస్తూరియాస్ ప్రాంతాల్లోని సన్న గేజి లైన్ల కోసం 2020లో రెన్ఫె సంస్థ 31 రైళ్లకు ఆర్డర్ ఇచ్చింది. ఆ కొండల్లో సొరంగాలు ఎప్పుడో కట్టినవి, ఒక్కొక్కటి ఒక్కో కొలత. ఇచ్చిన కొలతల ప్రకారం బండి తయారుచేస్తే కొన్ని సొరంగాల్లో పట్టదని తయారీదారు పట్టేశాడు. అదృష్టం కొద్దీ అప్పటికి బండ్లు ఇంకా నమూనా దశలోనే ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో విషయం పత్రికలకెక్కింది. రెన్ఫె అధ్యక్షుడు, కేంద్ర రవాణా శాఖలో మంత్రి తర్వాతి హోదాలో ఉన్న అధికారి ఇద్దరూ పదవులు వదులుకున్నారు. రైళ్లు ఏళ్ల తరబడి వెనకబడ్డాయి, ఆ లైన్ల జనం అంతకాలం పాత బండ్లలోనే తిరిగారు. ఇందులో బండి తప్పు ఏముంది? అడిగినట్టే ఇవ్వబోయారు. అడగడమే తెలియలేదు.

రెండు వైపులా సరిచేసుకున్నవాళ్లూ లేకపోలేదు. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ ప్రాంతం మెర్సీరైల్ లైన్ల కోసం కొత్త రైళ్లు తెచ్చుకున్నప్పుడు బండి గడప ఎత్తుకు ప్లాట్‌ఫాంలను సరిచేశారు. తలుపు తెరుచుకోగానే కింద నుంచి ఒక పలక బయటికి జారి సందును పూడుస్తుంది. చక్రాల కుర్చీలో వచ్చినవారు ఎవరి సాయమూ అడక్కుండా ఎక్కేస్తారు. 2023 జనవరి నుంచి ఆ బండ్లు తిరుగుతున్నాయి. దాన్ని వికలాంగుల కోసం చేసిన సదుపాయంగా మాత్రమే చూసేవారికి నా స్టాప్‌వాచ్ ఇంకో మాట చెబుతుంది. చంటిపిల్లల బండితో వచ్చిన తల్లికీ, మోకాళ్ల నొప్పులున్న నాలాంటివాడికీ, పరుగున వచ్చే కుర్రాడికీ అదే పలక. అక్కడ మిగిలే సెకన్లు అందరివీ.

ఇప్పుడు ఈ సెకన్లను బండ్లుగా మారుద్దాం. కమిటీల్లో ఆర్థిక విభాగం నుంచి వచ్చినవారు ఇక్కడినుంచి శ్రద్ధగా వింటారని నా అనుభవం.

ఒక లైన్‌కు ఈ చివర నుంచి ఆ చివరకు 70 నిమిషాలు. రెండు చివర్లలోనూ తిరుగు ప్రయాణానికి 10 నిమిషాల చొప్పున. మొత్తం చుట్టుకు 160 నిమిషాలు. అరగంటకొక బండి నడపాలంటే 160ని 30తో భాగించాలి, ఐదుంపావు దాటుతుంది. బండిని ముక్కలు చేయలేం కాబట్టి 6 బండ్లు కావాలి. ప్రయాణ సమయం 4 నిమిషాలు తగ్గించారనుకోండి. చుట్టు 152 అయింది. ఇంకా 6 బండ్లే, ఆ 4 నిమిషాల కోసం పెట్టిన ఖర్చుకు బండ్ల లెక్కలో ప్రతిఫలం సున్నా. ఇంకొక్క నిమిషం తగ్గించండి. చుట్టు సరిగ్గా 150. ఇప్పుడు 5 బండ్లు చాలు. ఆ ఐదో నిమిషం విలువ ఒక పూర్తి రైలు, దాని డ్రైవర్లు, దాని మరమ్మతులు, ముప్ఫై ఏళ్ల పాటు. అయితే ఆలస్యాలకు కాస్త ఊపిరి ఉండాలి కాబట్టి, సరిగ్గా గీత మీద నడవకుండా ఒకటి రెండు నిమిషాలు ఎక్కువే తగ్గించుకోవాలి.

టైంటేబుల్ ముందు గీయమని నేను మొత్తుకునేది ఇందుకే. ఏ నిమిషం బంగారమో ఏ నిమిషం మట్టో టైంటేబుల్ గీస్తేనే తెలుస్తుంది. స్విట్జర్లాండ్ వాళ్లు బాన్ 2000 పేరుతో చేసింది అదే. పెద్ద కూడళ్లలో బండ్లన్నీ గంట కొట్టే సమయానికి అటూ ఇటూ చేరి, ప్రయాణికులు మారగానే బయల్దేరాలని ముందే నిర్ణయించుకున్నారు. కూడలికీ కూడలికీ మధ్య ప్రయాణం గంటలోపు పడాలంటే ఎక్కడ ఎంత వేగం కావాలో, ఎక్కడ కొత్త లైన్ వేయాలో, ఎలాంటి బండి కొనాలో దాన్నుంచి వెనక్కి లెక్కగట్టారు. 2004 డిసెంబర్‌లో ఆ టైంటేబుల్ అమల్లోకి వచ్చినప్పుడు బెర్న్, జూరిక్ మధ్య ప్రయాణం గంటలోపు పడింది. వాళ్లు అంతకు మించి వేగం కొనలేదు, అవసరం పడలేదు.

స్పేర్ రేకుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. తిరిగేవి 5 అయితే 5 కొంటే సరిపోదు, కనీసం ఒకటి ఎప్పుడూ షెడ్డులో ఉంటుంది. రెండు రకాల బండ్లు చెరి ఐదు కొంటే రెండు స్పేర్లు, రెండు రకాల విడిభాగాలు, రెండు రకాల శిక్షణ. చిన్న నెట్‌వర్క్‌కు రెండు రకాల బండ్లు విలాసం. ఒకే రకం కొని, రద్దీ వేళ రెండు రేకులు జతచేసి, మధ్యాహ్నం విడదీయడం తెలివైన పని. దానికి కప్లింగు ఆటోమేటిక్‌గా పడాలి. ఇనుప కొక్కేలు కలిసినంత మాత్రాన బండ్లు కలిసినట్టు కాదు, లోపలి సాఫ్ట్‌వేర్ కూడా మాట్లాడుకోవాలి. పదేళ్ల తర్వాత అదనంగా కొనే రేకులు ఇప్పటివాటితో జతపడతాయన్న హామీ ఇప్పుడే రాయించుకోండి. అప్పుడు అడిగితే మీరు బేరమాడే స్థితిలో ఉండరు.

ఇంధనం గురించి రాయాలంటే నాకు కొంచెం బెరుకు, ఆ చర్చ మతంలా తయారైంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అరగంటకొక బండి తిరిగే లైన్‌కు పైన కరెంటు తీగ కట్టడమే మంచిది. రోజుకు నాలుగైదు బండ్లు తిరిగే కొసలైన్‌కు తీగ కట్టి లాభం లేదు, అక్కడ బ్యాటరీ చూడండి. హైడ్రోజన్ మీద ఆశపెట్టుకునే ముందు జర్మనీ అనుభవం చదవండి.

లోయర్ సాక్సనీలో 2018 సెప్టెంబర్‌లో ప్రపంచంలోనే మొదటిసారి హైడ్రోజన్ రైలు ప్రయాణికులను ఎక్కించుకుంది. 2022 ఆగస్టులో అక్కడ 14 రైళ్ల దండు దిగుతోందని ప్రకటించారు, ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. ఆ మరుసటి ఏడే అదే రాష్ట్రపు రైలు సంస్థ, ఇకముందు కొనబోయేవి బ్యాటరీ రైళ్లని, నడపడానికి అవే చౌక అని ప్రకటించింది. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం 2022లో చేయించిన పరిశీలనలో, ముప్ఫై ఏళ్ల లెక్కలో హైడ్రోజన్ ఖర్చు మిగతా దారులకంటే 80 శాతం దాకా ఎక్కువ పడుతుందని తేలింది. కారణం భౌతికశాస్త్రంలోనే ఉంది. కరెంటుతో హైడ్రోజన్ తీసి, దాన్ని నొక్కి, మోసి, బండిలో మళ్లీ కరెంటు చేసేసరికి మొదట పెట్టిన కరెంటులో సుమారు మూడో వంతే చక్రానికి చేరుతుంది. బ్యాటరీలో నష్టం చాలా తక్కువ.

అలాగని బ్యాటరీ అమ్మకందారు చెప్పే అంకెకూ పొంగిపోకండి. స్టాడ్లర్ కంపెనీ బ్యాటరీ రైలు 2021లో ఒక పరీక్షలో ఒక్క ఛార్జింగుతో 224 కిలోమీటర్లు వెళ్లి రికార్డు పెట్టింది. రికార్డు రికార్డే. మీ బండి రోజూ పెట్టాల్సింది రికార్డు కాదు. మండే ఎండలో ఏసీ పూర్తిగా నడుస్తూ, పెట్టెలు కిక్కిరిసి, ముందు సిగ్నల్ దగ్గర ఇరవై నిమిషాలు ఆగి, ఎనిమిదేళ్ల వయసున్న బ్యాటరీతో, చివరి స్టేషన్‌లో ఛార్జింగు పని చేయని రోజున ఎంత దూరం వెళ్తుందో అడగండి. ఆ అంకె మీ లైన్ పొడవు కంటే ఎక్కువ ఉంటేనే సంతకం చేయండి. తీగ ఉన్నచోట తీగ కింద ఛార్జి అవుతూ, లేనిచోట బ్యాటరీ మీద పోయే బండి అయితే ఛార్జింగు కోసం విడిగా ఆగక్కర్లేదు. లైన్ మొత్తానికి కట్టలేని తీగను కొంత మేరకు, ముఖ్యంగా ఎత్తు ఎక్కే చోట, కడితే బ్యాటరీ చిన్నదవుతుంది, బండి తేలికవుతుంది. తీగలో, బ్యాటరీలో ఏదో ఒకటే ఎంచుకోవాలన్న రూలేమీ లేదు.

సీట్లు, మరుగుదొడ్లు, వైఫై గురించి ఎక్కువ చెప్పను, వాటి గురించి మాట్లాడేవాళ్లు మీకు కొదవ లేదు. ఒకే ముక్క. గంటకు పైగా సాగే ప్రయాణానికి మరుగుదొడ్డి ఉండాల్సిందే. అది ఉందంటే దాని తొట్టి ఖాళీ చేసే ఏర్పాటు షెడ్డులోనో చివరి స్టేషన్‌లోనో ఉండాలి. అది లేకుండా కొన్న కొత్త బండ్లలో మూడో రోజుకే తలుపులకు తాళాలు పడడం నేను కళ్లారా చూశాను.

షెడ్డు మాట వచ్చింది కాబట్టి అక్కడే ఆగుదాం. రైలు ముప్ఫై నలభై ఏళ్లు బతుకుతుంది. కొన్న ధర ఒకసారి కట్టేది, షెడ్డు ఖర్చు రోజూ కట్టేది. నాలుగు పెట్టెలు విడదీయలేకుండా అతుక్కుని ఉండే రేకు కొంటే బండి అడుగు భాగం చూడడానికి పట్టాల కింద గుంత ఉండే పిట్ లైన్ కూడా ఆ పొడవు ఉండాలి. ఏసీలు, మోటారు పరికరాలు పైకప్పు మీద ఉంటే పైకప్పు ఎత్తులో నడిచే వంతెన కావాలి. చక్రాలు చెక్కే యంత్రం నేల కింద లేకపోతే ఒక్కో చక్రం కోసం బండిని ఎక్కడికో పంపి వారం కూర్చోవాలి. ఇవన్నీ బండి వచ్చిన తర్వాత గుర్తొస్తే, బండి మెరుస్తూ యార్డులో నిలబడి ఉంటుంది, పాతది గోలచేసుకుంటూ లైన్లో తిరుగుతుంది.

మరమ్మతు హక్కు ఎవరిదో కూడా తేల్చుకోండి. ఢిల్లీ, మీరట్ మధ్య తిరిగే నమో భారత్ రైళ్ల కొనుగోలులో 15 ఏళ్ల నిర్వహణను కూడా తయారీదారుకే అప్పగించారు. చెడిపోతే ఖర్చు తనకే తగులుతుందని తెలిసినవాడు మొదటే గట్టిగా కడతాడు, ఆ దారిలో ఆ సుఖం ఉంది. కానీ పదిహేనేళ్ల తర్వాత ఏమిటి? పోలండ్‌లో జరిగిన రగడ చూడండి. అక్కడ ప్రాంతీయ రైళ్లు కొన్ని వేరే వర్క్‌షాపులో మరమ్మతు అయ్యాక మొండికేశాయి. కారణం వెతకమని పిలిపించిన కంప్యూటర్ నిపుణులు, వేరేచోట బాగు చేయిస్తే బండి కదలకుండా చేసే కోడు సాఫ్ట్‌వేర్‌లోనే ఉందని 2023 డిసెంబర్‌లో బయటపెట్టారు. తయారీ కంపెనీ నెవాగ్ ఆ ఆరోపణను గట్టిగా ఖండించింది. ఎవరిది ఒప్పో తేల్చడం నా పని కాదు. నాకు అందులో కనిపించింది ఒక్కటే: సాఫ్ట్‌వేర్, డ్రాయింగులు, లోపాల రికార్డు, విడిభాగాలు తయారుచేయించుకునే హక్కు ఒప్పందంలో లేకపోతే ఇలాంటి రోజున బండి యజమానికే బండి గురించి ఏమీ తెలియదు.

చౌక బండి గురించి ఒక ముచ్చట. 1980లలో బ్రిటన్‌లో పేసర్ అనే రైళ్లు కట్టారు. బస్సు పైభాగాన్ని సరుకు పెట్టె తరహా అడుగు మీద కూర్చోబెట్టినట్టుండేవి, పెట్టెకు రెండే ఇరుసులు. మహా అయితే ఇరవై ఏళ్లు, అప్పటిదాకా గడిస్తే చాలు అనుకున్నారు. వంపుల దగ్గర కీచుమంటూ, అతుకుల దగ్గర ఎగిరెగిరి పడుతూ వాటిలో చివరివి 2021 దాకా తిరిగాయి. తాత్కాలికం అని కొన్న ఏ బండీ తాత్కాలికంగా ఉండదు. మీరు ఈ ఏడు ఎంచుకునే బండిలో ఇంకా పుట్టని పిల్లలు కాలేజీకి వెళ్తారు.

చివరిగా, బండి నడిపేవాళ్లను పిలిచి మాట్లాడండి. ఆస్ట్రేలియాలో న్యూసౌత్‌వేల్స్ ప్రభుత్వం సిడ్నీ నుంచి దూర పట్టణాలకు వెళ్లే లైన్ల కోసం 2016లో కొత్త రైళ్లకు ఆర్డర్ ఇచ్చింది. బండి కదిలేటప్పుడు ప్లాట్‌ఫాంను గార్డు ఎలా చూడాలన్న దగ్గర సిబ్బందికీ ప్రభుత్వానికీ పేచీ వచ్చింది. కెమెరా తెరలు చాలని ప్రభుత్వం, కళ్లతో చూడాలని గార్డులు. తయారై వచ్చిన బండ్లు ఏళ్ల తరబడి పక్క లైన్లలో నిలబడిపోయాయి, ఆఖరుకు మార్పులు చేశారు. మొదటి బండి ప్రయాణికులను ఎక్కించుకునేసరికి 2024 డిసెంబర్ వచ్చింది. కొయ్యతో క్యాబిన్ నమూనా చేసి, డ్రైవర్లనూ గార్డులనూ అందులో కూర్చోబెట్టి ఒక వారం మాట్లాడి ఉంటే ఈ పేచీ కాగితం మీద ఉండగానే బయటపడేదని నా నమ్మకం. ఊడ్చేవాళ్లను, షెడ్డులో రాత్రి డ్యూటీ చేసేవాళ్లను కూడా పిలవండి. సీటు కింద చీపురు పోయే సందు ఉందో లేదో చెప్పగలిగేది వాళ్లే.

నేను మిమ్మల్ని అడుగుతున్నవి మూడే. టెండర్ పిలిచే ముందు టైంటేబుల్ ముసాయిదా జనం ముందు పెట్టండి, అది ఎన్ని రేకులతో నడుస్తుందో లెక్కతో సహా. ప్రతి ప్లాట్‌ఫాం ఎత్తు, అంచు దూరం, ప్రతి సొరంగం, ప్రతి వంతెన కొలత కొత్తగా తీయించి పట్టిక బయటపెట్టండి, ఎవరు ఏ తేదీన కొలిచారో పక్కన రాసి. వచ్చిన నమూనాలను పోల్చేటప్పుడు రద్దీ వేళ ఒక స్టేషన్‌లో ఆగి కదలడానికి పట్టే సెకన్లకు, ముప్ఫై ఏళ్ల ఖర్చుకు ఎన్ని మార్కులు వేస్తున్నారో ముందే చెప్పండి. ముక్కు ఆకారానికి కూడా మార్కులున్నాయని తెలుసు. ఉండనివ్వండి, కాకపోతే చివర్లో.

నమూనా పెట్టె తయారయ్యాక తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టడానికి మనుషులు కావాలంటే కబురు పెట్టండి. స్టాప్‌వాచ్ ఇంకా నా దగ్గరే ఉంది, పని చేస్తోంది.

ఇట్లు,
టైంటేబుల్ గీసి రిటైరైన ఒక ఉద్యోగి